పేజీ తిరిగినా ఆగని చదువు

మూడో తరగతి టీచరమ్మకు ఇరవై రెండేళ్ల అనుభవం. ఆమె గొంతెత్తితే పక్కగది పిల్లలు కూడా చేతులు కట్టుకుని కూర్చుంటారని బళ్లో చెప్పుకునేవారు. అలాంటి మనిషి తరగతికి వారానికోసారి ఒక మెంటర్ వచ్చి, పాఠం చెప్పే తీరు చూసి, కావలసిన సాయం చేస్తుందని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వచ్చేదేమో ముప్పై నిండని అమ్మాయి. తాతకు దగ్గులు నేర్పడానికి వస్తోందని టీచరమ్మ అంటే స్టాఫ్ రూమంతా నవ్వింది.

నవ్వించింది గానీ, లోపల బెరుకు లేకపోలేదు. తరగతిలో చాలామందికి కూడబలుక్కుని చదవడం కూడా రాదని ఆమెకు తెలుసు. అందుకే ముందు వారమంతా వాన గురించిన పాఠాన్ని అందరిచేతా వల్లె వేయించింది.

వచ్చిన రోజు మెంటర్ చదవమన్నది పిచ్చుకని. సన్నగా ఉంటుందని ఆ పిల్లకు ఆ పేరు. లేచి, అక్షరాల కింద వేలు పెట్టి గడగడా మొదలుపెట్టింది. ఇంతలో ఫ్యాన్ గాలికి పేజీ తిరిగిపోయింది. గొంతు ఆగలేదు. కొత్త పేజీలోని బస్సు బొమ్మ మీద వేలు పెట్టి, చెరువు నిండిందనీ కప్పలు బెకబెకమన్నాయనీ చివరిదాకా అప్పజెప్పి, శభాష్ అంటుందేమోనని టీచరమ్మ వైపు చూసింది.

టీచరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నోటికి ఏదొస్తే అది అనేసింది.

"ఈ పిల్ల సంగతి అంతేనండీ. సరిగ్గా బడికి రాదు. ఇంట్లో పట్టించుకునేవాళ్లూ లేరు."

"నేను రోజూ వచ్చాను కదా టీచర్," అంది పిచ్చుక. ఎదురు చెప్పినట్టు కాదు, మరిచిపోయిందేమోనని గుర్తు చేసినట్టు.

గోడ మీద హాజరు పట్టీ ఉంది. రోజుకో రంగు చుక్క అంటించేది టీచరమ్మే. పిచ్చుక వరసలో ఒక్క గడీ ఖాళీ లేదు. మెంటర్ కళ్లు అటు వెళ్లి, వెంటనే నేలకు దిగాయి. ఆ అమ్మాయి ఏదైనా అన్నా బాగుండేదనిపించింది టీచరమ్మకు.

బెల్లు కొట్టాక, ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారని మెంటర్ నెమ్మదిగా అడిగింది. ఈ ఒక్కతే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పదకొండు మంది," అంది టీచరమ్మ. "అక్షరం రాని పిల్లకు ఎలా చెప్పాలో నాకు రాదమ్మా. ఇంటిదగ్గర నేర్చుకుని వచ్చినవాళ్లకే ఇన్నేళ్లూ చెప్పాను. మిగతావాళ్ల గొంతు గుంపులో కలిసిపోయేది."

మర్నాడు తరగతిలో అందరి ముందూ, నిన్న తాను అబద్ధమాడాననీ, పిచ్చుక ఒక్కరోజు కూడా మానలేదనీ చెప్పింది. పిల్ల శ్రద్ధగా విని, "అయితే నాకు చదవడం వచ్చా, రాదా టీచర్?" అంది.

"రాదమ్మా. నేను నేర్పలేదు."

పిచ్చుక మొహం చిన్నబోయింది. అప్పటిదాకా తనకు చదవడం వచ్చనే ఆ పిల్ల అనుకుంటోంది. అది చూశాక, నిన్నటి సిగ్గు ఏపాటిదనిపించింది టీచరమ్మకు.

ఆ తర్వాత ప్రతి వారం మెంటర్ పక్కన విద్యార్థిలా కూర్చుంది. అక్షరాల కార్డులు కత్తిరించింది. ఆ గంభీరమైన గొంతు అక్కడ ఎందుకూ కొరగాలేదు. నేల మీద పిల్ల పక్కన కూర్చుని, తప్పు చదివినా మధ్యలో అందుకోకుండా వినడం నేర్చుకోవాల్సి వచ్చింది. నెల రోజులపాటు పిచ్చుక ఆమె మొహంలోకి చూడనే లేదు.

ఏడాది చివరికి పదకొండు మందిలో ఏడుగురు తడబడుతూ చదవసాగారు. పిచ్చుక ఒకరోజు ఎప్పుడూ చూడని కథ ఒకటి పూర్తిగా చదివి, మెప్పు కోసం ఆగకుండా ఇంకో పుస్తకం అడిగింది. టీచరమ్మ సంతోషంగా తీసి ఇచ్చింది. ఇచ్చాక, ఈ ఇరవై రెండేళ్లలో అలా అడగకుండానే పై తరగతికి వెళ్లిపోయిన పిల్లలంతా గుర్తొచ్చి, బీరువా తలుపు పట్టుకుని కాసేపు అటే తిరిగి నిలబడిపోయింది.

సెలవులకు ముందు మిగిలిన నలుగురి పేర్లూ, వాళ్లకు ఇంకా రానివీ కాగితం మీద రాసి నాలుగో తరగతి మాస్టారికి ఇచ్చింది. ఆయన ఆశ్చర్యపోయాడు.

"మీ లోటు మీ చేత్తో మీరే రాసిస్తారేంటండీ? ఎవరడిగారని?"

"ఎవరూ అడగలేదు," అంది. తల ఎత్తకుండానే, ఏ పిల్ల ఏ గుణింతం దగ్గర ఆగిపోతోందో ఒక్కో వరసా చూపించి చెప్పసాగింది.