ఒక్క కుర్చీ

పొడుగోడు మెట్ల మీద కుప్పకూలాడు. అతను మోసుకొస్తున్న కేసు కట్టలు అతనికంటే ముందే కింద పడి దొర్లాయి. పెద్దాయన గాజు గదిలోంచి బయటికొచ్చి ముందు కట్టల్ని చూశాడు. ఆ తర్వాతే మనిషిని చూశాడు.

"క్లయింట్లు వచ్చే వేళ. వీణ్ణి వెనక తలుపు దగ్గరికి లాగెయ్యండి" అన్నాడు. "కట్టలు జాగ్రత్త! కాయితాలు తారుమారైతే కోర్టులో నా పరువు పోతుంది."

ఎవరూ కదల్లేదు. కోట్లు తొడుక్కుని వరసగా నిలబడ్డ వాళ్ళంతా లా కాలేజీలో చివరి ఏడాది చదువుతున్న పిల్లలు. ఆ ఆఫీసులో వాళ్ళ పేరు ట్రైనీలు. పొద్దున క్లాసులో మనిషి హక్కుల మీద పాఠం వినడం, మధ్యాహ్నం నుంచి ఇక్కడికొచ్చి వెట్టిచాకిరీ చెయ్యడం. పెద్దాయన కోర్టులో గర్జించే వాదనలన్నీ వీళ్ళు రాసినవే. జీతం మాత్రం లేదు. ఏడాది తిరిగాక ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికే, కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ ఇస్తానని ఆయన మాట. ఆ కుర్చీ కోసమే ఇంతమంది నోరు మూసుకుని పడి ఉన్నారు.

లాయరమ్మ కూడా ఆ వరసలోనే ఉంది. ఆమె తండ్రి లారీ మెకానిక్కు. కాలేజీలో సీటు వచ్చిన రోజునుంచే వీధి వీధంతా ఆమెను లాయరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. కింద పడిన పొడుగోణ్ణి చూడగానే ఆమె మనసులో మెదిలిన మొదటి మాట: "ఒకడు తగ్గాడు."

ఆ మాటకు ఆమె ఉలిక్కిపడను కూడా లేదు.

ఉలిక్కిపడింది ఆమె పక్కనున్న పిల్ల, అందరూ కళ్ళజోడు అని పిలిచే అమ్మాయి. పరుగెత్తుకొచ్చి పొడుగోడి తల ఒళ్ళో పెట్టుకుంది. "సార్, బండి పిలవండి! ఊపిరి సరిగ్గా ఆడట్లేదు!" అని అరిచింది. ఎవరూ పిలవకపోతే తానే వీధిలోకెళ్ళి ఆటో ఆపి, అతన్ని ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"మొదలెట్టింది. అందరి కళ్ళూ దీని మీదే ఉండాలి" అనుకుంది లాయరమ్మ.

ఇద్దరిదీ హాస్టల్లో ఒకే గది. పరీక్షలో కళ్ళజోడుకు రెండు మార్కులు ఎక్కువొస్తే లాయరమ్మకు రెండు పూటలు అన్నం సహించేది కాదు. కళ్ళజోడు తల్లి టీచరు. తడుముకోకుండా మాట్లాడటం ఇంట్లోనే అబ్బింది. లాయరమ్మ అద్దం ముందు నిలబడి సాధించుకున్నదంతా ఆ పిల్లకు ఆవులించినంత సులువు. ఇంటినుంచి అమ్మ ఫోను చేస్తే అదో పుండు మీద కారం. "మీ పెద్దమ్మ మనవడికి మూడో పన్ను కూడా వచ్చిందటే. నీ ఉద్యోగమే ఇంకా రాలేదు" అంటుంది.

ఆ సాయంత్రం పెద్దాయన లాయరమ్మను గాజు గదిలోకి పిలిచాడు.

"కూర్చో తల్లీ. ఈ గుంపులో పనికొచ్చేదానివి నువ్వొక్కదానివే. ఆ కుర్చీ నీదే అనుకో. కాకపోతే ఈ మాట మన మధ్యే ఉండాలి."

ఆమెకు ఒళ్ళు తేలిపోయింది.

"నీ రూమ్మేటు ఈమధ్య ఏదో గుసగుసలాడుతోందట. ఏమిటో కాస్త కనిపెట్టి చెప్తావా?"

కనిపెట్టడానికి కష్టపడాల్సిన పనేం లేకపోయింది. ఆసుపత్రినుంచి తిరిగొచ్చిన కళ్ళజోడు మంచం మీద కూలబడి తానే చెప్పింది. "వాడికి ఒంట్లో రక్తం లేదన్నారే. తిండి లేదు, నిద్ర లేదు. అందరం కలిసి జీతం అడుగుదాం. ఒక్కరం అడిగితే తరిమేస్తాడు. అందర్నీ తరిమితే వాడి వాదనలెవడు రాస్తాడు?"

మర్నాడు ఆ మాట పొల్లుపోకుండా గాజు గదికి చేరింది. ఆ మధ్యాహ్నమే కళ్ళజోడును గేటు దగ్గర ఆపేశారు.

లాయరమ్మ మేడ మీదనుంచి చూసింది. ఎండలో నిలబడి కాపలావాడితో వాదిస్తున్న ఆ మనిషిని చూస్తే కడుపు చల్లబడాలి. చల్లబడలేదు. గేటు బయటికి గెంటేసినా ఆ పిల్ల తల వంచుకోకపోవడం చూసి ఇంకా మండింది.

రెండు రోజులకు కాలేజీ క్యాంటీన్లో మీటింగు పెట్టింది కళ్ళజోడు. ట్రైనీలంతా వచ్చారు. కొందరు బల్లలెక్కి కూర్చున్నారు. పొడుగోడు గోడకు చేరగిలబడ్డాడు, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"ఇదంతా చదువులో భాగం. జీతం అడగటానికి మనమేమైనా కూలీలమా?" అన్నాడొకడు.

"కూలోడికి సాయంత్రానికి కూలి చేతిలో పడుతుంది. మనకేం పడుతోంది?" అంది కళ్ళజోడు.

"గొడవ పడితే ఊళ్ళో ఏ ఆఫీసూ గడప తొక్కనివ్వదు!"

"ఇప్పుడు తొక్కనిస్తే ఏం ఒరిగింది? వీడు గడప మీదే పడిపోయాడు!"

"అది సరే. జీతం అడుగుదామని నువ్వన్న మాట గాజు గదికెలా పోయింది? మనలోనే ఎవరో మోశారు!" అని ఇంకొకడు బల్ల గుద్దాడు.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లాయరమ్మ చేతిలో టీ చల్లారిపోతోంది.

పొడుగోడు గొంతు సవరించుకున్నాడు. "ఈ మాట నేను మొయ్యలేదు. కానీ ఇంతకుముందు చాలా మోశాను. ఎవడు ఆలస్యంగా వచ్చాడు, ఎవడు తిట్టుకున్నాడు, అన్నీ. కుర్చీ నాదేనన్నాడు మరి."

"నీదేనన్నాడా?" బల్ల గుద్దినవాడు నోరు తెరిచాడు. "నాక్కూడా అదే చెప్పాడు!"

"నాక్కూడా."

"ఈ మాట మన మధ్యే ఉండాలన్నాడా?"

"అచ్చం అదే!"

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు క్యాంటీనంతా పాకింది. నవ్వీ నవ్వీ కొందరికి కళ్ళనీళ్ళొచ్చాయి. అవి నవ్వుతో వచ్చినవో, సిగ్గుతో వచ్చినవో తెలియలేదు.

లాయరమ్మ నవ్వలేదు. ఆ క్షణంలో కూడా ఆమెకు ముందొచ్చింది అసూయే. ఆ మాట నా ఒక్కదానికే చెప్పాడనుకున్నానే! ఇంతమందికి పంచిన ఎంగిలి మాట కోసమా నేను ఆ పిల్లను అమ్ముకుంది?

లేచి నిలబడింది. "నిన్ను గేటు దగ్గర ఆపించింది నేనే."

"తెలుసు" అంది కళ్ళజోడు. కోపం దాచుకోలేదు. "ఆ మాట అన్నది నీ ఒక్కదానితోనే. చెంప పగలగొడదామనుకున్నా. తర్వాత గుర్తొచ్చింది. నువ్వు రాసిన వాదన నాకంటే బాగుందని ఆయన మెచ్చుకున్న రోజు, నువ్వు ఆఫీసు వేళల్లో పరీక్షలకు చదువుకుంటున్నావని ఆయనకు చెప్పింది నేను."

"నువ్వా? నా మీద నీకు కుళ్ళా?"

"నీకొక్కదానికే ఉంటుందనుకున్నావా?"

కళ్ళజోడు అందరి వైపూ తిరిగింది. "పిట్టపోరు పిల్లి తీర్చిందంటారే, అదీ మన సంగతి. మనల్ని కాయడానికి వాడికి కాపలావాడు కూడా దండగ. మన కడుపుమంటే వాడికి కాపలా. ఇక కాయొద్దు!"

కాలేజీకి సెలవులిచ్చాక, పెద్దాయన చేతిలోని పెద్ద కేసు విచారణకొచ్చిన రోజు పొద్దున్నే ట్రైనీలంతా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఒక్కరూ పనిలోకి దిగలేదు. "చాకిరీ మాది! జీతమేదీ?" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది. ఆ వీధినిండా లాయర్ల ఆఫీసులే, ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి ట్రైనీలే. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

పెద్దాయన కారు దిగాడు. కోర్టుకు వేళ మించిపోతోంది. అందర్నీ కలయజూసి సరిగ్గా లాయరమ్మ ముందు ఆగాడు.

"లేమ్మా. లోపలికొచ్చి ఆ కాయితాలు సర్దు. కుర్చీ ఇవాళే నీది. వీళ్ళందరి ముందూ చెప్తున్నా."

ఇప్పుడిది గాజు గదిలో గుసగుస కాదు, పదిమంది విన్న మాట. నాన్న గ్రీజుతో నల్లబడ్డ చేతులు, అమ్మ ఫోను, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పక్కనే కళ్ళజోడు. ఆ పిల్ల బతిమాలలేదు.

"నాకు ఇచ్చేసి వీళ్ళనేం చేస్తారు సార్?" అంది లాయరమ్మ.

"వాళ్ళ సంగతి నీకెందుకు?"

"నాకు కాక ఎవరికి? అందరికీ జీతం ఇవ్వండి. పొడుగోడి వైద్యం మీరు చేయించండి. అప్పుడు లేస్తా."

మెట్లు దద్దరిల్లాయి. పెద్దాయన మొహం మాడిపోయింది. ఫోను తీశాడు.

పోలీసు బండి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వేలు చూపించాడు. "దీనికంతటికీ లీడరు ఆ కళ్ళద్దాలమ్మాయి. దాన్నొక్కదాన్నే ఎక్కించండి. మిగతావాళ్ళు వాళ్ళే పోతారు."

ఇద్దరు పోలీసులు కళ్ళజోడును రెక్క పట్టుకుని లాక్కెళ్ళారు. గుంపంతా ఆ పిల్ల వైపే చూస్తోంది. లాయరమ్మ గుండెలో పాత మంట భగ్గుమంది. ఈసారి దాన్ని మింగెయ్యలేదు. మెట్లు దూకి బండికి అడ్డంగా నిలబడింది.

"దాన్నొక్కదాన్నే ఎందుకెక్కిస్తారు? దానికంటే నేనేం తక్కువ అరిచానా? నన్నూ ఎక్కించండి!"

ఒక్క క్షణం పోలీసులు కూడా తెల్లబోయారు.

"నేనేం తక్కువ?" అంటూ పొడుగోడు గోడ పట్టుకుని లేచాడు. "నేనూ!" "మమ్మల్నీ!" అంటూ ట్రైనీలంతా తోసుకుంటూ బండిలోకి ఎక్కేశారు. లోపల ఊపిరాడనంత ఇరుకు. తలుపు మూతపడటం లేదు.

"ఇక్కడ కూడా నాతో పోటీయేనా?" అంది కళ్ళజోడు, లాయరమ్మ భుజం కింద నలిగిపోతూ.

"పోటీయే. జరుగు."

అప్పుడే ఎదుటి ఆఫీసు గుమ్మంలోంచి, వాళ్ళెవరికీ తెలియని ఒక గొంతు "చాకిరీ మాది!" అంది. పక్క ఆఫీసునుంచి "జీతమేదీ?" అని జవాబొచ్చింది. కోట్లు తొడుక్కున్న కుర్రవాళ్ళూ అమ్మాయిలూ మేడలు దిగి వీధిలోకొస్తున్నారు, బండి చుట్టూ మూగుతున్నారు.

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఇంకో బండి పంపండి సార్." వీధి చివరిదాకా ఓసారి చూశాడు. "ఒకటి చాలదు సార్. ఎన్నుంటే అన్నీ పంపండి."