వకీలు బూట్ల మీది బూడిద

మంటలు ఆరిన మర్నాడు పొద్దున్నే, గోడలు ఇంకా పొగ కక్కుతుండగానే, యజమాని కారు మా పరుపుల ఫ్యాక్టరీ గేట్లోకి వెళ్లింది. బయట పోలీసులు కట్టిన తాడు వెనక నూటిరవై మందిమి నిలబడి ఉన్నాం. లోపల కాలిపోయిన ఆరుగురు ఆడవాళ్ల శవాలను మాకింకా చూపించనేలేదు. కారుకు మాత్రం సలాము కొట్టి దారిచ్చారు.

కారులోంచి ఇద్దరు దిగారు. ఒకడు యజమాని, రెండోవాడు కంపెనీ వకీలు. వాళ్లు షెడ్డు వెనక్కి తిరిగేదాకే మాకు కనిపించింది. ఆ తర్వాత జరిగింది, ఊడవడానికని లోపలికి రప్పించిన పిన్ని చూసింది. మా అందరికీ ఆమె పిన్నే. కాలిపోయిన వాళ్లలో ఒకతె ఆమె సొంత అక్క కూతురు.

వెనక తలుపుకు బయట నుంచి గొలుసు వేసి తాళం పెట్టేవారు. స్పాంజి ముక్కలు ఎత్తుకుపోతామని ఏడాదిగా అంతే. ఫైరింజను వాళ్లు గొలుసు కోసి తలుపు తెరిచేసరికి ఆరుగురూ ఆ తలుపు వెనకే, ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. వకీలు ఆ గొలుసును కాలితో కదిపాడు.

"ఇది ఇక్కడ ఉండకూడదు," అన్నాడు.

యజమాని తలూపి వాచ్‌మన్‌ను కేకేశాడు. వాచ్‌మన్ గొలుసు ఎత్తుకుపోయాడు. అప్పుడు వకీలు కిందకు చూసుకుని మొహం చిట్లించాడు. బూట్ల నిండా తడి బూడిద.

"ఏయ్, ఇలా రా. వీటి సంగతి చూడు."

పిన్ని వెళ్లింది. బకెట్టు బోర్లించింది. అతను దాని మీద ఒక కాలు, తర్వాత రెండో కాలు పెట్టి ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. పిన్ని గుడ్డతో తుడిచింది. అది ఎవరి బూడిదో ఆమెకు తెలుసు. మధ్యలో ఒక్కసారి అతను ఫోను చెవి నుంచి తీసి వేలితో చూపించాడు. "అంచుల్లో కూడా."

కార్మికులారా, విద్యార్థులారా, ఈ మాట మూడుసార్లు రాసి కొట్టేశాను. అయినా రాస్తున్నాను.

మా పరుపులు కేంద్రప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్తాయి. అందుకని నాలుగో రోజు కేంద్ర దర్యాప్తు అధికారులు దిగారు. వకీలు వాళ్ల ముందు కూర్చుని వాంగ్మూలం ఇచ్చి సంతకం పెట్టాడు. ఆ తలుపుకు ఎన్నడూ గొలుసు లేదట. లోపలికి తెరుచుకునే తలుపును ఆడవాళ్లు కంగారులో బయటికి తోసుకుని చచ్చారట. తానైతే ఈరోజే, అధికారులతో కలిసే, మొదటిసారి ఆ ఆవరణలో కాలు పెట్టాడట!

పేపర్లో అచ్చయిన ఆ ముక్కలు టీకొట్టు దగ్గర నేనే బిగ్గరగా చదివాను. పిన్ని గ్లాసు కింద పెట్టేసింది.

"కాలు పెట్టలేదా? ఆ కాళ్లు తుడిచింది నేనేనే అమ్మా," అంది.

ఆ మధ్యాహ్నమే వడ్రంగి షెడ్డులో మీటింగు పెట్టుకున్నాం. కూర్చోవడానికి చోటు లేక సగం మంది చెక్కదుంగల మీద ఎక్కారు. పిన్ని చూసిందంతా చెప్పింది. చెప్పి, "నా కళ్ల ముందే గొలుసు పోతుంటే నోరెత్తలేదు. వంగి వాడి బూట్లు తుడిచాను. ఈ చేతులు చూస్తే నాకే అసహ్యంగా ఉంది," అంది.

కటింగ్ మాస్టరు లేచాడు.

"పిన్ని ఒక్కతీ చెబితే చీపురు పట్టేదాని మాట ఎవడు నమ్ముతాడు? గొలుసు తీయించడం నూటిరవై మందిమీ చూశామనే చెబుదాం. దెబ్బకి దిగొస్తారు."

చప్పట్లు పడ్డాయి. పిన్ని మాత్రం విసురుగా లేచింది.

"నువ్వు చూశావా?"

"చూడకపోతేనేం? నిజమే కదా!"

"నాకు నిజం. నీకు విన్నమాట. చూడంది చూశానన్నావంటే ఆ వకీలుకీ నీకూ తేడా కోటు ఒక్కటే. ఒక్కడి అబద్ధం పట్టుకున్నారంటే నూటిరవై మందినీ దొంగల్ని చేస్తారు. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పండి చాలు."

"కారు దిగాక లోపల ఏం జరిగిందో మాకేం తెలుసని?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నాకు తెలుసు," అన్న గొంతు తలుపు దగ్గర నుంచి వచ్చింది. వాచ్‌మన్! "ఆ గొలుసు నా చేత్తోనే మురుగు గుంటలో వేశాను. ఉద్యోగం పోతుందని ఇన్నాళ్లూ నోరు కుట్టుకున్నాను."

నలుగురు అతని మీదికి లేచారు. ఒకడు కాలరు పట్టుకున్నాడు కూడా. పిన్ని అడ్డం వెళ్లింది. "వాడు గొలుసు మోశాడు, నేను బూట్లు తుడిచాను. కొడితే ఇద్దర్నీ కొట్టండి." కాలరు పట్టిన చెయ్యి కిందికి దిగింది.

అప్పుడు క్యాంటీన్ అక్క కూడా నోరు విప్పింది. ఆ పొద్దున ఆఫీసు గదిలో యజమానికీ వకీలుకీ టీ ఇచ్చింది తనే. "గొలుసు సంగతి నువ్వే చూసుకోవాలి," అని యజమాని అంటే, "ఉన్నదాన్ని లేదనడమేగా నా ఉద్యోగం," అని వకీలు నవ్వాడట. "బిస్కెట్లు కూడా అడిగారు," అంది అక్క. అని, షెడ్డు బయటికి పరుగెత్తి వాంతి చేసుకుంది.

మర్నాడు నూటిరవై మందిమీ దర్యాప్తు ఆఫీసుకు నడిచి వెళ్లాం. అధికారులు ముందు నమ్మలేదు. ఫైరింజను వాళ్ల రిపోర్టులో గొలుసు ఊసే లేదన్నారు. "అయితే గుంట దగ్గరికి రండి," అన్నాడు వాచ్‌మన్. వాళ్లు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. మావాళ్లు నడుంలోతు మురుగులో దిగి ఇనుప కొక్కేలతో గంటన్నర కెలికారు. గొలుసు పైకి వచ్చింది. ఒక చోట తెగి ఉంది. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

ఆ వారంలోనే వకీలు మీద దర్యాప్తు అధికారులకు అబద్ధపు వాంగ్మూలం ఇచ్చాడని కేసు పెట్టి అరెస్టు చేశారు. మేం ఈలలు వేశాం. ఆ సంబరం ఒక పూటైనా నిలవలేదు. సాయంత్రానికల్లా కంపెనీ ప్రకటన వచ్చింది. అదంతా వకీలు సొంత తెలివేనట, అతణ్ని తొలగించారట, చనిపోయిన వారికి యజమాని సానుభూతి తెలిపారట. అబద్ధాన్ని కిరాయికి తెచ్చుకున్నవాడు వాడుకున్నంత వాడుకుని, ఎంగిలి విస్తరిలా అవతల పారేశాడు.

సాక్షి సంతకాలకు మమ్మల్ని పిలిచారు. పిన్ని వాంగ్మూలం టైపు చేసి సిద్ధంగా ఉంచారు. ఆమెకు చదువు రాదని నన్ను చదవమన్నారు. చదివాను. కారు ఉంది, బకెట్టు ఉంది, బూట్లు ఉన్నాయి. యజమాని మాత్రం ఎక్కడా లేడు.

"కారులోంచి ఇద్దరు దిగారయ్యా," అంది పిన్ని. "ఇందులో ఒక్కడే ఉన్నాడు."

"ఈ కేసు మాకు అబద్ధం చెప్పినవాడి మీదమ్మా," అన్నాడు అధికారి. "యజమాని మాకు ఏ అబద్ధమూ చెప్పలేదు."

"ఎలా చెబుతాడు? మీరు అడిగితే కదా!"

వరండాలో ఉన్న మావాళ్లు గొల్లున నవ్వారు. అధికారి మొహం మాడిపోయింది.

"సంతకం పెడతావా, పెట్టవా?"

"తాళం వేయించింది ఎవరో రాయి, పెడతాను. గొలుసు తీయించింది ఎవరో రాయి, పెడతాను. అందాకా ఈ కుర్చీలోంచి లేవను."

అధికారి బతిమాలాడు, బెదిరించాడు, చివరికి పోలీసులను పిలిచాడు. ప్రభుత్వ పనికి అడ్డు తగిలిందని రాసుకున్నారు. కంపెనీ నోరు తెరిచి చెప్పని నిజం చెబుతానన్నందుకు, అరవై ఏళ్ల మనిషిని రెండు రెక్కలూ పట్టి లేపారు. గడప దాటుతూ పిన్ని వెనక్కి తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను.

"మాస్టరూ, చూసిందే చెప్పు! ఒక్క ముక్క కలిపావంటే ఊరుకోను!" అని అరిచింది.

ఆమెను జీపు ఎక్కించేలోపే క్యాంటీన్ అక్క లోపలికి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. వాచ్‌మన్ ఆమె వెనక నిలబడ్డాడు. అతని వెనక కటింగ్ మాస్టరు, తర్వాత నేను. వరుస వరండా దాటి, మెట్లు దిగి, రోడ్డు మీదికి పాకింది.

"నేను టీ ఇచ్చింది ఇద్దరికి," అంది అక్క. "యజమాని పేరుతో మొదలుపెట్టి రాసుకోండి."