మొదటి రేవు చిలుకూరు

చేవెళ్లలో ఇనుప సామాన్ల దుకాణం నడుపుకునే ఆ ఇంట్లో కొన్నాళ్లుగా ఓడ తప్ప వేరే మాట లేదు. సావిత్రమ్మ కొడుకు గిరీష్ చందనవెల్లి ఫ్యాక్టరీ డ్యూటీకి పోయే ముందు ఓడ, తిరిగొచ్చాక ఓడ. ఉప్మాలో ఉప్పు తక్కువైందని చెప్పే తీరిక కూడా లేదు వాడికి. నవంబరులో పోతే చవకట. కిటికీ లేని గదైతే ఇంకా చవకట. బార్సిలోనాలో ఎక్కి, మార్సేల్, జెనోవా, నేపుల్స్ చూసుకుని మళ్లీ బార్సిలోనాలో దిగడమట. తిండీ పడకా ఓడలోనే గనుక గోవా హోటలు కంటే నయమని వాడి వాదన.

"ఊర్లు చూపెట్టనీకి ఓడోళ్లు బస్సులు పెడ్తరమ్మా. గని ఆ రేట్లు ఇంటే కండ్లు తిరుగుతయి. మనమే దిగుదం, మనమే తిరుగుదం, మనమే వచ్చి ఎక్కుదం" అన్నాడు.

"జర లేటయితే ఎట్లరా?"

"ఓడోళ్ల బస్సుల పోయినోళ్ల కోసమైతే ఆగుతది. సొంతంగ తిరిగేటోళ్ల కోసం ఆగదు. టైముకు తలుపు మూసుడు, పోవుడు. అంతే."

సావిత్రమ్మ గుండెల్లో రాయి పడింది. ఎందుకు పడిందో ఆ ఇంట్లో మరొక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ఆమె పక్కనే కూర్చుని, ఏమీ ఎరగనట్టు చాయ్ ఊదుకుంటున్నారు.

అది ఆరు నెలల కిందటి సంగతి. ఆమె భర్త పరమేశ్వర్ పైపుల బేరానికి స్కూటరు మీద మొయినాబాద్ పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. బండి పంక్చరైందని కొడుకుతో చెప్పాడు. భార్యకు మాత్రం నిజం చెప్పాడు. మొయినాబాద్ చౌరస్తాలో నిలబడితే చేవెళ్ల ఏ వైపో తెలియలేదట. పెళ్లికి ముందు నుంచీ తిరిగిన రోడ్డు అది. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు, అడగకపోతే భయం. చివరికి చేవెళ్ల బోర్డు పెట్టుకున్న బస్సు కనిపిస్తే దాని వెనకాలే వచ్చాడట.

"పిల్లగానికి చెప్పకు. చెప్తే నన్ను గద్దె మీదికెల్లి లేపుతడు" అని, ఆమె చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.

అప్పటి నుంచి ఇంట్లో పొద్దు పోవడం లేదన్న సాకుతో ఆమె కూడా దుకాణంలో కూర్చుంటోంది. ఎవరైనా పార ధర అడిగితే ఆయన ఆమె వైపు చూస్తాడు. ఆమె తాడు చుడుతున్నట్టు వంగి నోట్లోనే అంటుంది. ఆయన గట్టిగా చెబుతాడు. గిరాకీలకు అనుమానం రాలేదు. కన్నకొడుక్కీ రాలేదు. మొగుడి పరువు కాపాడుతున్నానని లోలోపల మురిసిపోయింది కూడా, పిచ్చిది. ఇప్పుడా తెలివే మెడకు చుట్టుకుంది. చెబితే ఒట్టు తప్పుతుంది, చెప్పకపోతే మనిషి తప్పిపోతాడు.

"నేనూ మీ బాపూ ఓడల్నే ఉంటం, మీరు తిరిగి రాండ్రి" అని చూసింది.

కొడుకు జవాబిచ్చేలోపే పరమేశ్వర్ మీసం మీద చెయ్యి వేశాడు. "నేనేమన్న సామానానే, గదిల పెట్టి తాళమెయ్యనీకి? నేను గూడ దిగుత."

"ఫికర్ చెయ్యకమ్మా. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటరు గద. ఆదివారం ఒక ట్రయల్ ఏద్దం" అన్నాడు గిరీష్.

వీసా కోసం చిలుకూరు బాలాజీకి ఎలాగూ మొక్కుకోవాలి. అదే మొదటి రేవు, కారే ఓడ. విదేశంలో పెద్దవాళ్ల ఫోన్లకు దండగ ఖర్చెందుకని వాడి లెక్క, అందుకని ఇక్కడా వాళ్ల ఫోన్లు కారులోనే పెట్టాలి. ప్రదక్షిణలు చేసుకుని పదిన్నరకల్లా ఎవరికి వారే కారు దగ్గరికి రావాలి. ట్రయల్ బాగుంటే అక్కడికక్కడే టికెట్ల డబ్బు కట్టేస్తాడు, కట్టాక వాపసు ఉండదు. దేవుడి దగ్గరికి పోతూ అమ్మానాన్నలకు పరీక్ష పెట్టే కొడుకు ఎక్కడైనా ఉంటాడా? చేవెళ్లలో ఉన్నాడు.

ఆదివారం కారు మొయినాబాద్ చౌరస్తా దాటుతుంటే పరమేశ్వర్ అద్దం వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. సావిత్రమ్మ అది చూసింది.

చిలుకూరులో ఇసుక వేస్తే రాలనంత జనం. కోరిక కోరుకునేటప్పుడు పదకొండు చుట్లు, తీరాక నూట ఎనిమిది. లెక్క తప్పకుండా గళ్లు కొట్టుకోవడానికి కోడలు నవ్యశ్రీ అందరికీ తలా ఒక కార్డు తెచ్చింది.

"మేకులు లెక్కపెట్టి అమ్మిన చేతులమ్మా ఇవి. పదకొండుకు కాయితమెందుకు?" అని మామగారు తీసుకోలేదు.

కొడుకూ కోడలూ చకచకా ముందుకు పోయారు. సావిత్రమ్మ భర్త కండువా కొస పట్టుకుని నడిచింది. మూడో చుట్టులో కాలేజీ పిల్లల గుంపు గోవిందా అంటూ వెనక నుంచి తోసుకొచ్చింది. ఆమె తూలి, గోడ పట్టుకుని నిలబడేసరికి చేతిలో కండువా లేదు.

ప్రదక్షిణ గాలికి పోయింది. చెప్పులు విడిచిన చోటికి పరుగెత్తింది. ఆయన చెప్పులు అక్కడే ఉన్నాయి. అయితే లోపలున్నట్టా, ఒట్టి కాళ్లతో రోడ్డెక్కినట్టా? కొబ్బరికాయల అతన్ని అడిగింది.

"తెల్ల అంగీ, తెల్ల కండువా... పెద్దాయనయ్యా, చూసినవా?"

"అందరు గట్లనే ఉన్నరు గదమ్మా" అన్నాడతను. నిజమే, అందరూ అలాగే ఉన్నారు.

గుళ్లో మైకు ఉంది, పేరు చెబితే పిలుస్తారు. అటు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మైకులో ఆ పేరు మోగితే కారు దగ్గరున్న కొడుక్కీ వినిపిస్తుంది. ఇక్కడ, మన భాష మాట్లాడే చోట, ఇంటికి ఇంత దగ్గరలోనే ఆమెకు దిక్కు తోచడం లేదు. ఆ నేపుల్స్‌లో ఎవరిని అడుగుతుంది? ఏ భాషలో అడుగుతుంది? ఓడ తలుపులు మూసేస్తుంటే ఏ సందులో వెతుకుతుంది? మొట్టమొదటిసారి ఆమెకు తను ఈ సంగతి దాచడం తప్పుగా తోచింది. భయంతో ఏడుపొచ్చింది.

మళ్లీ గుడిలోకే పోయింది. వచ్చేవాళ్లకు ఎదురుగా నిలబడి ఒక్కో మొహమే చూసింది. అప్పుడు కనిపించాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది, పెదాలు కదులుతున్నాయి, అడుగులు తడబడుతున్నాయి. అయినా ఆగకుండా తిరుగుతూనే ఉన్నాడు. ఆమె ఆయన రెక్క పట్టుకుని పక్కకు లాగింది.

"ఇడిసిపెట్టు సావిత్రీ" అన్నాడు, చెయ్యి విడిపించుకోబోతూ. "ఎన్నయినయో యాదికొస్తలేదు. ఆగితే తక్కువైతయేమో. పిల్లలకు వీసా రాకుంటే నా మూలంగనే గద..."

ఆయన్ని మెట్ల మీద కూర్చోబెట్టి కొంగుతో మొహం తుడుస్తుండగానే గిరీష్ వచ్చాడు. చేతిలో ఫోను, మొహం నిండా నవ్వు.

"ఓడ ఎప్పుడో పోయింది బాపు! ఏడున్నరు మీరు?"

పరమేశ్వర్ చటుక్కున నడుం నిటారు చేశాడు. "ఏం లేదురా. పుణ్యానికని జర ఎక్కువనే తిరిగిన."

"అట్లనా! ఎన్ని తిరిగినవ్?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఏదో ఒక అంకె అంటే చాలు, వాడు నమ్ముతాడు, పోయి డబ్బు కట్టేస్తాడు. భర్త కళ్లు బతిమాలుతున్నాయి. సావిత్రమ్మ పెదాలు బిగబట్టుకుంది. ఆమె జన్మలో అంత కష్టమైన పని మరొకటి చెయ్యలేదు.

"అమ్మ దిక్కు చూస్తవేంది బాపు? నిన్నే అడుగుతున్న" అన్నాడు గిరీష్, ఇంకా నవ్వుతూనే.

పరమేశ్వర్ తల దించుకున్నాడు.

"తెల్వదురా" అన్నాడు.

అప్పుడు సావిత్రమ్మ నోరు విప్పింది. స్కూటరు సంగతీ, బస్సు వెనక రావడమూ, దుకాణంలో తను చెప్పే ధరలూ ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. "ఆర్నెల్ల నుంచి గిట్లనే ఉన్నది బిడ్డా. నీకు చెప్పకుంట తప్పు చేసిన. డబ్బులు కట్టకు, ముందు దవాఖానకు తీస్కపో" అంది. గిరీష్ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఆమె గమనించలేదు. వాడు తండ్రి ముందు మెట్టు మీద కూలబడి, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

పరమేశ్వర్ భార్య వైపు చూడలేదు. మెల్లగా బొడ్లోంచి దుకాణం తాళాలు తీసి కొడుకు ముందుకు చాపాడు.

"అవి నాకెందుకు బాపు?" అన్నాడు గిరీష్. వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వాడూ ఆ తాళాలు అందుకోలేదు. అవి చేతులు మారడం చూడటానికి భయమేసి సావిత్రమ్మ కళ్లు మూసుకుంది.