ముందు వేడినీళ్ళు

గోనెసంచిని వీపు మీంచి దించి, గంగన్న ఐసు గడ్డల్ని సుత్తితో నలగ్గొట్టసాగాడు. జిదాఫ్స్ చేపల బజారు నుంచి వ్యానులో తెచ్చిన ఐసు అది. అక్కడక్కడా పొలుసులు అంటుకుని నీచు కంపు కొడుతోంది. దాన్ని పిండిలా కొట్టి, స్నానాల మడుగు చుట్టూ పరిచిన నల్లరాళ్ళ మీద చల్లితే అదే జపాను మంచు. కంపు తెలియకుండా పైన ఇంత పన్నీరు చిలకరించాలి. ఇదంతా వట్టికాళ్ళతోనే చెయ్యాలి. చెప్పులతో ఆ రాళ్ళెక్కితే మచ్చలు పడతాయని కఫీల్ ఊరుకోడు.

కఫీల్ అంటే గంగన్నకు వీసా ఇచ్చిన ఆసామి, అతని పాస్‌పోర్టును ఇనప్పెట్టెలో పెట్టుకున్న ఆసామి. పేరు అబూ ఖాలిద్. ఒక చలికాలం జపాను వెళ్ళి, ఎక్కడో కొండల నడుమ వేడినీటి బుగ్గ పక్కనున్న సత్రంలో కొన్నాళ్ళు ఉండొచ్చాడు. నెత్తి మీద మంచు కురుస్తుంటే మెడదాకా వేడినీళ్ళలో కూర్చున్నాడట. తిరిగొచ్చాక కూడా ఆ పిచ్చి దిగలేదు. బహ్రెయిన్‌లో కొండలెక్కడివి, మంచెక్కడిది? అయినా డబ్బున్నవాడికి లేనిదంటూ ఏముంది కనక. దక్షిణాన ఇసుకలో ఉన్న తన తోటలో రాళ్ళు పేర్పించి, గోడ వెనక డీజిలు బాయిలరు పెట్టించి, చలికాలమంతా స్నేహితుల్ని తెచ్చి దింపుతాడు. ఆ దీవిలో దూరమంటే మాత్రం ఎంతని, కారులో గంట కూడా పట్టదు. కారూ పాస్‌పోర్టూ లేనివాడికి మటుకు అది చంద్రమండలమే.

గంగన్నకు నీలం రంగు జపాను అంగీ తొడిగించారు. నడుముకు గుడ్డ పటకా. అతిథులు రాగానే నడుము వంచి దండం పెట్టాలి. వాళ్ళు "యా జపానీ" అని పిలిచి నవ్వితే తనూ నవ్వాలి. జగిత్యాల పక్కన పల్లెలో పుట్టి, యాభై ఏళ్ళు మీదపడ్డాక ఇదొక వేషం. ఆ జపాను మర్యాదల్లో అతనికి నచ్చింది ఒక్కటే. అతిథులు నీళ్ళలో ఉండగా, వాళ్ళు విడిచిన చెక్క చెప్పుల్ని మొనలు బయటికుండేలా తిప్పి పెట్టడం. లేచి వెళ్ళేవాడికి తోవ సిద్ధంగా ఉంటుంది. బాయిలరు గది గుమ్మం దగ్గర తన రబ్బరు చెప్పుల్నీ అలాగే తిప్పి పెట్టుకునేవాడు.

ఏళ్ళ తరబడి నీళ్ళు కాచాడు గానీ ఆ నీళ్ళలో కాలి బొటనవేలు ముంచి ఎరగడు. అతని స్నానం తోట వెనక ట్యాంకు కింద, జనవరి చలిలో పళ్ళు టకటకలాడుతుంటే. మొన్న ఫోనులో భార్య ముత్తెమ్మ రాగి కాగు కొన్నానని చెప్పింది. వచ్చిన రోజున పొయ్యి ముట్టుకోనివ్వనని, తానే కాచి, తానే వీపు రుద్ది పోస్తానని అంది. ఇప్పుడు తోటలో దిగిన అతిథులు సంతోషంగా వెళ్తే మర్నాడే పాస్‌పోర్టు చేతిలో పెడతానని కఫీల్ మాటిచ్చాడు. ఇవాళ్టి స్నానమే ఆఖరుది. ఇదొక్కటీ సవ్యంగా గడిస్తే చాలు.

నిరుడు సవ్యంగా గడవలేదు. చన్నీళ్ళు కలిపేలోగా ఒకతను తొందరపడి కాలు పెట్టాడు. పాదం బొబ్బలెక్కింది. దాంతో గంగన్న సెలవు కాస్తా ఎగిరిపోయింది. అప్పట్నుంచి సూపర్‌వైజరు కన్నబాబు గట్టిగా చెబుతున్నాడు, ముందు చన్నీళ్ళు పట్టి, తర్వాతే వేడినీళ్ళు వదలమని. కన్నబాబు అమలాపురం వైపువాడు, వయసులో చిన్నవాడు, నోరు మటుకు పెద్దది. గంగన్న తలూపాడు గానీ చేతులు రాలేదు. చన్నీళ్ళలో వేడినీళ్ళు పోసి తొరిపేది పీనుగ స్నానానికని చిన్నప్పుడే తల్లి చెప్పింది. బతికున్నవాళ్ళకు ముందు వేడినీళ్ళే, అందులో చన్నీళ్ళు. ఆ అతిథులంటే అతనికి పిసరంత ప్రేమ లేదు. అయినా బతికున్న మనిషికి శవం నీళ్ళు ఎలా పెడతాడు? కన్నబాబు మాంసం ఉడికిందో లేదో చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, రోజూ తన పద్ధతిలోనే నింపేవాడు.

ఇవాళా అలాగే నింపాడు. మడుగంతా పొగలు. చన్నీళ్ళ కుళాయి అవతలి గోడకుంది. రాళ్ళ మీద తిరిగి అటు పోబోతుండగా, గాలి విసురుకు ఓర్చుకోలేక కఫీల్, ఇద్దరు అతిథులు చెప్పిన వేళకంటే ముందే వచ్చేశారు. వెనకే కన్నబాబు.

గంగన్న వంగి దండం పెట్టి రెండు నిమిషాలు ఆగమన్నాడు. అతిథుల్లో లావుపాటి ఆయన మంచి హుషారు మీదున్నాడు. రోజూ మేమే దిగుతున్నాం, ఇవాళ జపానీ దిగి చూపించాలన్నాడు. కఫీల్‌కు ఆ సరదా నచ్చింది. చెయ్యి ఊపి, యల్లా, కానియ్ అన్నాడు.

"దిగవయ్యా గంగన్నా. పెద్దోళ్ళు ముచ్చటపడి అడుగుతుంటే ఆ చూపేంటి?" అన్నాడు కన్నబాబు.

ఒక్క మాట చెబితే చాలు. ఇంకా చన్నీళ్ళు కలపలేదంటే ఎవరూ దిగమనరు. కానీ ఆ మాటతో చెప్పినట్టు నింపలేదని బయటపడి, పాస్‌పోర్టు ఇనప్పెట్టెలోనే ఉండిపోతుంది, ఇంకో చలికాలం, ఇంకో ఏడాది. గంగన్న కఫీల్ మొహం చూశాడు, పొగల అవతలున్న కుళాయిని చూశాడు. నాలుగడుగులే కదా అనుకున్నాడు.

ఐసులో నానిన పాదాలు కాసేపు మొద్దుబారి ఉండి ఆదుకున్నాయి. తర్వాత ఆదుకునేది ఏదీ లేకపోయింది. నడుందాకా మునిగి, మడుగు అడ్డంగా దాటి, కుళాయి పూర్తిగా తిప్పి దాని కిందే నిలబడ్డాడు. పళ్ళు బిగబట్టి నవ్వు మొహం అలాగే ఉంచాడు. లావుపాటి ఆయన చప్పట్లు కొట్టాడు. జపానీకి సుఖం రుచి తెలిసింది, ఇక పైకి రాడని కఫీల్ అంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

నీళ్ళు తొరిపాక ఇక చాలు లెమ్మన్నారు. గంగన్న పైకొచ్చి, నడుము వంచి, వాళ్ళ చెక్క చెప్పుల్ని మొనలు బయటికి తిప్పి పెట్టి, గోడ పట్టుకుని బాయిలరు గదికి నడిచాడు. ఇన్ని రోజుల్లోకీ ఇవాళ్టి నీళ్ళే అమోఘమని అతిథులు మెచ్చుకున్నారు.

భోజనాలయ్యాక కన్నబాబు వచ్చి చూశాడు. తడి పైజామా లాగబోతే దాంతోపాటు చర్మం ఊడొచ్చింది.

"ముందు చన్నీళ్ళు పట్టమన్నానా, లేదా?"

"బతికున్నోళ్ళు గద సార్," అన్నాడు గంగన్న. "పాస్‌పోర్టు ఇస్తడు గద?"

"ఇత్తారు. గెస్టులు పొద్దున్నే ఎల్లిపోతారు. అందాకా మూలగకు."

మిగిలిన చేపల ఐసు తెచ్చి కాళ్ళ చుట్టూ పోసి, కన్నబాబు తలుపు బయట గొళ్ళెం పెట్టాడు. గంగన్న మూలగలేదు. చెప్పిన పని ఏనాడూ ఎగ్గొట్టినవాడు కాదు, నీళ్ళ విషయంలో తప్ప.

పొద్దున లావుపాటి అతిథి ఫొటో తీసుకుందామని జపానీ కోసం అడిగాడు. పడుకున్నాడని చెప్పారు. వాళ్ళ కార్లు కదిలి దుమ్ము అణిగాక గంగన్నను ఆస్పత్రికని పికప్ వెనకాల గోనెసంచుల మీద పడుకోబెట్టారు. దారిలో ఉమ్మ్ అల్ హస్సామ్ దగ్గర సిగ్నల్‌లో బండి ఆగినప్పుడు కన్నబాబు అద్దంలోంచి వెనక్కి చూశాడు. గంగన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎండ వాటిలో పడుతున్నా రెప్ప వాలడం లేదు. పచ్చలైటు పడింది, బండి ముందుకు పోయింది.

కఫీల్ మాట తప్పలేదు. పాస్‌పోర్టు ఇనప్పెట్టెలోంచి బయటికొచ్చి, గంగన్న శవపెట్టెతోపాటే విమానమెక్కింది. గుండె ఆగిందని కాగితాల మీద రాశారు. పెట్టె తెరవొద్దన్నారని ఊళ్ళో ఎవరూ తెరవలేదు. ముత్తెమ్మ కొత్త కాగులో కాచిన నీళ్ళు ఏ పద్ధతిలోనూ పొయ్యకుండానే చల్లారిపోయాయి.

తర్వాతి వారం కొత్త అతిథులు దిగారు. కూలీల క్యాంపు నుంచి తెచ్చిన కొత్త మనిషికి నీలం అంగీ కాస్త పొడుగైంది. కన్నబాబు దగ్గరుండి ముందు చన్నీళ్ళు పట్టించి, ఆ తర్వాతే వేడినీళ్ళు వదిలించాడు. అతిథులు మెడదాకా అందులో కూర్చుని హాయిగా కళ్ళు మూసుకున్నారు. గోడ వెనక బాయిలరు గది గుమ్మం దగ్గర, మొనలు బయటికి తిప్పిన గంగన్న రబ్బరు చెప్పులు ఇసుక పట్టి అలాగే ఉన్నాయి.