తెగని లిగమెంట్

వెన్నులో మత్తుసూది వేశాక నడుము కింద ఉన్నదంతా మనిషికి పరాయిదైపోతుంది. కాళ్ళు బల్ల మీద చాపి ఉన్నా గాల్లో తేలుతున్నాయంటారు కొందరు. ఇంకెవరి కాళ్ళో తెచ్చి తమకు అతికించారంటారు ఇంకొందరు. పదకొండేళ్ళుగా మోకాళ్ళకు ఆపరేషన్లు చేస్తున్న డాక్టర్ హరిణికి ఇవన్నీ విని విని అలవాటైపోయాయి. చెప్పాల్సిన జవాబు కూడా నోటికి వచ్చేసింది.

అందుకే ఆ ఉదయం పచ్చగుడ్డ తెరకు అవతల నుంచి మునిస్వామి, "అమ్మా, మీరు పైకెత్తిండేది ఆ కాలు గాదమ్మా" అన్నప్పుడు ఆమె నవ్వింది. మత్తు వల్ల అందరికీ అలాగే అనిపిస్తుందని, కళ్ళు మూసుకుని పడుకోమని చెప్పింది.

మునిస్వామికి చిక్కపేటలో పట్టుచీరల కొట్టు. నెల కిందట కొట్టు మెట్ల మీద కాలు మెలిపడి కుడి మోకాలి లోపలి లిగమెంట్ తెగింది. అప్పటినుంచి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కూలబడుతున్నాడు. నిన్న సాయంత్రం హరిణి అతని పిక్క పట్టుకుని ముందుకు లాగితే ఎముక సొరుగులా జారి వచ్చింది. స్కానింగూ అదే చెప్పింది. తొడ వెనక కండరం నుంచి నార తీసి కొత్త లిగమెంట్‌గా అమరుస్తానని ధైర్యం చెప్పి, కుడి మోకాలికి పైన, లోపలి వైపు, నల్ల మార్కరుతో తనే బాణం గుర్తు వేసింది.

మామూలుగా కోసే ముందు ఆమె మోకాలిని మరోసారి లాగి చూసుకుంటుంది. ఈవేళ మారతహళ్ళి దగ్గర గంటన్నర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఒళ్ళు మండిపోతూ వచ్చింది. అప్పటికే జూనియర్ ఓంకార్ బాణం ఉన్న కాలికి మందు పూసి, చుట్టూ గుడ్డలు కప్పి సిద్ధం చేసి ఉంచాడు. నర్సు కాగితం చూసి కుడి మోకాలు అని చదివింది. అందరూ అలవాటు కొద్దీ ఊఁ కొట్టారు. బాణం ఉండనే ఉంది కదా అనుకుంది హరిణి.

మునిస్వామి మళ్ళీ అదే మాట అన్నాడు. హరిణి కత్తికి చెయ్యి చాపింది.

రెండు చిన్న రంధ్రాలు పెట్టి హరిణి కెమెరా గొట్టాన్ని లోపలికి తోసింది. టీవీ తెర వెలిగింది. పీచుపీచుగా తేలాల్సిన చోట లిగమెంట్ తెల్లగా, నిండుగా, బిగుతుగా నిలబడి ఉంది. కొక్కెంతో లాగింది. కదల్లేదు. ఎముకల మీది గుజ్జు అప్పుడే కడిగిన పింగాణీలా ఉంది. నెల కిందట తెగింది ఒక్క రాత్రిలో అతుక్కోదు. కానీ కళ్ళెదుట ఉంది. చదివిన చదువంతా ఎటుపోయిందో, ఒక్క క్షణం అతుక్కుందనే నమ్మింది.

ఆమె వంగి బాణాన్ని చూసింది. బాణం తోకకు ఎడమ పక్కన చిన్న వంపు పెట్టడం ఆమెకు అలవాటు. ఈ బాణానికి వంపు కుడి పక్కన ఉంది. గీత ఆమెదే, కానీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

నర్సు చేత రెండో కాలి మీది దుప్పటి ఎత్తించింది. అక్కడ, కుడి తొడ మీద, వెలిసిపోయిన నీడలా ఆమె అసలు బాణం కనిపించింది. సిరా ఆరకముందే మునిస్వామి మోకాలికి మోకాలు ఆనించి, ఒత్తిగిలి పడుకుని ఉంటాడు. పొద్దున కుడి కాలు తుడిచినప్పుడు అసలుది చెరిగి, రెండో తొడకు అచ్చుపడినది మిగిలింది. ఆమె కోసింది ఎడమ కాలు.

మత్తు డాక్టర్ స్టాన్లీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. పూర్తిగా నిద్రపుచ్చేస్తానన్నాడు. కుడిది బాగుచేసి, పోల్చి చూడటానికి ఎడమది కూడా తెరిచామని చెబుదామన్నాడు. రెండు చిన్న రంధ్రాలకు ఎవరడుగుతారన్నాడు. సిరంజి అప్పటికే చేతిలో ఉంది.

హరిణికి ఆ మాట చాలా నచ్చింది. అంతగా నచ్చినందుకే భయం వేసింది. పేరు పోతుంది, నిజమే. కానీ ఆ మనిషి రెండుసార్లు చెప్పాడు. స్టాన్లీకి వద్దని తలూపి, తెర దాటి మునిస్వామి తల దగ్గరికి వెళ్ళింది. అతను కళ్ళార్పకుండా టీవీ వంకే చూస్తున్నాడు.

"మునిస్వామి గారూ, మీరు చెప్పిందే నిజం. మంచి మోకాలిని కోశాను. తప్పు నాది."

టీవీలో కనబడేది తన మంచి కాలేనా అని అతను అడిగాడు. అవునంది. లోపల ఏమన్నా చెడిపోయిందా అని అడిగాడు. ఏమీ కాలేదంది. తిట్టినా పడదామని అక్కడే నిలబడింది.

"ఆ కుడిది మీరు ముట్టద్దండమ్మా. వేరే డాక్టర్ని పిలిపియ్యండి," అన్నాడు మునిస్వామి. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు తట్టుకోవడం కష్టమైంది.

సరేనని చేతి తొడుగులు విప్పి వెనక్కి తిరిగింది.

"మీరెక్కడికీ పోవద్దండి," అన్నాడతను. "ఈడనే, నా తలకాయి పక్కన కుచ్చోండి. వాళ్ళు కోసేటప్పుడు నేనేమన్నా చెప్తే వినేకి ఒకరుండల్ల గదా."

హరిణి స్టూలు లాక్కుని కూర్చుంది.