నడివీధిలో కిర్రు చెప్పులు

చెప్పులతో గుడిలోకి రావడం దేవుని వాక్యంలో ఎక్కడుందో చూపించమని కొత్త పాస్టరు కరుణాకర్ అడిగాడు. నేను చూపించలేకపోయాను. వాక్యంలో లేదు.

అతను మా ఊరికి వచ్చి ఏడు నెలలు. ఒంగోలులో చదువుకుని వచ్చాడు. ముప్పై దాటలేదు. మంచివాడే. మంచివాళ్లతోనే నాకు పడదు.

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలను కూర్చోబెట్టి క్రిస్మస్ సంగతులు ఒక్కొక్కటే బయటికి తీశాడు. ప్రభువు పుట్టింది ఇరవై అయిదో తేదీనే అని ఎవరూ రాసిపెట్టలేదన్నాడు. సరే. గుడిలో నిలబెట్టే సరుగుడు కొమ్మకూ పండక్కీ సంబంధం ఏమిటన్నాడు. ఎవరికీ తెలియదు. ఎర్ర చొక్కా, దూది గడ్డం వేసుకుని గంతులేసే తాత ఎవరన్నాడు. అదీ తెలియదు. ఆ గడ్డానికి పెట్టే దూది మాత్రం మా చేలోది.

"కొమ్మ తీసెయ్యండి, తాతను తీసెయ్యండి, కేకు మాత్రం ఉంచండి అయ్యగారూ" అన్నాడు ఎలీషా. వాడూ నేనూ ఒక ఈడువాళ్లం. పెద్దల్లో నోరెక్కువ వాడికే.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కొమ్మ పోతే నాకేం? గడ్డం పోతే నాకేం? అవన్నీ ఎక్కడివో, ఎవరో మాకు తెచ్చిపెట్టినవి.

అప్పుడు చెప్పుల మాట తెచ్చాడు.

మా పల్లె ఊరికి తూర్పున ఉంది. గుడి పడమట ఉంది. మధ్యలో ఊరు. క్రిస్మస్ పొద్దున పల్లె మొత్తం కొత్త చెప్పులు తొడుక్కుని, ఊరి నడివీధి గుండా నడిచి గుడికి పోతాం. మిగతా ఆదివారాలన్నీ చెప్పులు గుమ్మం బయట విడుస్తాం. ఆ ఒక్క రోజు విడవం. చెప్పులతోనే లోపలికి పోతాం, చెప్పులతోనే మోకరిస్తాం. దర్శి నుంచి వచ్చే చుట్టాలు చూసి నోరు తెరుస్తారు. ఈ పల్లెలో పుట్టినవాడికి అందులో వింతేమీ కనపడదు.

"మోషే అంతటివాణ్నే చెప్పులు విడవమన్నాడు దేవుడు. మనం ఆయనకంటే గొప్పవాళ్లమా?" అన్నాడు కరుణాకర్.

"చెప్పులు తొడుక్కున్నందుకు మోషేను ఎవరన్నా రాళ్లతో కొట్టారా?" అన్నాను.

"అదిగో, మొదలెట్టాడు" అన్నాడు ఎలీషా.

పాస్టరుకు కోపం రాలేదు. "తప్పని నేను అనడం లేదు మరియదాసు గారూ. ఎందుకు చేస్తున్నామో తెలియకుండా చేస్తే అది ఆ సరుగుడు కొమ్మలాంటిదే. ఎవరు మొదలుపెట్టారు? ఎందుకు? గుడి లోపలికి కూడా ఎందుకు? వచ్చే ఆదివారం సంఘం ముందు చెప్పండి. అర్థం ఉంటే ఉంచుదాం. లేకపోతే ఈ ఏడు నుంచి ఆపుదాం."

"మొదలుపెట్టింది మా తాత. అర్థం నాకు తెలుసు."

"అయితే ఇంకేం? చెప్పండి."

ఆ వారం నాకు ఏ దిగులూ లేదు. చెప్పడానికి నాకున్నంత హక్కు ఎవరికీ లేదు. పల్లెలో ఆరె పట్టి చెప్పు కుట్టేవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. మిగతావాళ్లు బజారులో కొంటారు. నేను మాత్రం ప్రతి క్రిస్మస్‌కూ నా జత నేనే కుట్టుకుంటాను. రోజూ పొద్దున్నే పత్తి తీతలకు పోయేముందు వాకిట్లో కూర్చుని కుట్టాను. పలకరించేవాళ్లు లేరు. నా భార్య రెబెకా పోయి నాలుగేళ్లు. ఆమెను మట్టి చేసిన రోజు ఎవరొచ్చారో, తీతలున్నాయని ఎవరు రాలేదో నాకు గుర్తుంది. రానివాళ్ల ఇళ్ల గడప నేను తొక్కను.

ఆదివారం గుడి నిండిపోయింది. నేను లేచి చెప్పాను.

"మనం మాదిగలం. ఊరందరికీ చెప్పులు కుట్టినవాళ్లం. కుట్టిన చెప్పు మన కాలికి ఉండి నడివీధిలో కనపడకూడదు. వీధి మొదట్లో విప్పి చేత్తో పట్టుకుని, వీధి దాటాక తొడుక్కోవాలి. మా తాత యాకోబు ఒక క్రిస్మస్‌కు కిర్రు చెప్పులు కుట్టాడు. అడుగేస్తే కిర్రుమనేవి. కనపడటమే కాదు, వినపడాలని కుట్టాడు. అవి తొడుక్కుని నడివీధిలో నడిచాడు. పల్లె ఆయన వెనక నడిచింది. రాళ్లు పడ్డాయి. ఆగలేదు."

మా నాన్న నాకు చెప్పిన మాటలే అవి. ఏటా నడక మొదలయ్యేముందు పల్లె మొగదల నిలబడి నేను అవే చెబుతాను. చెప్పి ముందు నడుస్తాను. నా వెనక మా ఇంటిపేరు మగవాళ్లు, తరవాత పల్లె మగవాళ్లు, చివర ఆడవాళ్లు, పిల్లలు. ఆ ముందు చోటు మా ఇంటిది. దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"మరి గుడి లోపలికి?" అన్నాడు పాస్టరు.

"మా తాత పట్టుదల" అన్నాను.

అతను ఇంకా ఏదో అడగబోయాడు. ఆడవాళ్ల వైపు నుంచి గొంతు లేచింది.

"ఒరేయ్ మరియదాసూ. అయిపోయిందా? ఇంక కూర్చో."

పున్నమ్మవ్వ. తొంభైకి దగ్గరపడింది. గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏంది అవ్వా?" అంటూ కూర్చున్నాను.

"మీ తాత కుట్టిన మాట నిజమే. నడివీధిలో దొరల పెద్దింటి దాకా ముందు నడిచిన మాటా నిజమే. పెద్దింటి ముందు విప్పి చంకలో పెట్టుకున్నాడురా."

ఆడవాళ్లందరూ అవ్వ వైపు తిరిగారు.

"అవ్వా, నీకప్పుడు ఎన్నేళ్లు?" అన్నాడు ఎలీషా.

"పాలపళ్లు ఊడే ఈడు. ఇప్పుడు నీకున్నంత బుద్ధి నాకప్పుడే ఉంది, మాట్లాడకు."

ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ నవ్వలేదు.

"ఆ ఇంటి అరుగు మీద నుంచి చెప్పులిప్పమని కేకేశారు. మీ తాత విప్పాడు. ఎనకున్న మగోళ్లంతా విప్పారు. మా నాయనా విప్పాడు. తప్పని అనట్లా. విప్పకపోతే కాళ్లిరిచేవాళ్లు. విప్పనిది మీ నాయనమ్మ."

మా నాయనమ్మ సారమ్మ. నేను పుట్టకముందే పోయింది. ఆమె గురించి మా ఇంట్లో ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

"'ఏమే, నీకు ఏరే చెప్పాలా?' అన్నాడు అరుగు మీదాయన. 'తంగేడు చెక్క దంచింది నేను, ఆ నీళ్లలో తోలు నానేసింది నేను. నా చేతుల్లో అయిన చెప్పు నా కాలికి పనికిరాదా?' అంది. అని నడిచింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నా. రాళ్లు ఆమెకు తగిలినయ్యి. ఒకటి నాకూ తగిలింది. ఇదిగో."

తల వంచి తెల్లజుట్టు పాయ తీసి చూపించింది. ముందు కూర్చున్న ఆడవాళ్లు వంగి చూశారు.

"ఊరోళ్లు గుడి దాకా ఎంటబడ్డారు. గుమ్మం దగ్గరన్నా ఇప్పుద్దిగా, చూస్తాం అని నిలబడ్డారు. ఆమె ఇప్పబోయింది. అప్పటి అయ్యగారు గుమ్మంలో ఉన్నాడు. 'ఇప్పొద్దమ్మా, వాళ్లు చూస్తున్నారు. అట్టాగే లోపలికి రా' అన్నాడు. అట్టాగే పోయింది. తరవాతి ఏడు ఆడోళ్లంతా తొడుక్కున్నారు. ఆ తరవాతి ఏడు మగోళ్లు. అర్థమైందా కరుణాకరయ్యా, లోపలికి ఎందుకో?"

పాస్టరు నా వైపు చూశాడు. "రెండు మాటలు అవుతున్నాయి మరియదాసు గారూ. ఏది నమ్మమంటారు?"

అందరూ నా వైపే చూశారు. అవ్వకు మతి తప్పిందని నేను ఒక్క మాట అంటే చాలు. సగం గుడి నమ్మేది. ఎలీషా అప్పటికే "ముసలామె మాటలు పట్టుకుని..." అంటున్నాడు. మా తాత పేరు నిలుస్తుంది. ముందు చోటు నాకు నిలుస్తుంది. మాట రెండుగా చీలితే మాత్రం ఈ క్రిస్మస్‌కు నడక ఉండదు.

నాకు మా తాత గుర్తుకొచ్చాడు. నా ఎనిమిదో ఏట ఆయన ముసలివాడు. క్రిస్మస్ నడకలో నన్ను పక్కన నడిపించుకునేవాడు. పెద్దింటి ముందుకు రాగానే వంగేవాడు. చెయ్యి కాలి దాకా పోయేది. చెప్పు వారు సరిచేసుకుంటున్నాడనుకునేవాణ్ని. ఊరందరి చెప్పులకూ వారు బిగించినవాడు. ఆయన చెప్పు వారు ఏటా ఆ ఇంటి ముందే ఎందుకు వదులవుతుంది?

"రెబెకాకు చెప్పానురా" అంది అవ్వ. గొంతు తగ్గించింది. "ఆడోళ్లు ఎనకెందుకు అవ్వా అని అడిగింది. చెప్పా. 'ఆయనకు చెప్పొద్దవ్వా, ఆయనకున్నది అదొక్కటే' అంది."

ఒక క్రిస్మస్ పొద్దున రెబెకా వచ్చి వరసలో నా పక్కన నిలబడింది. "వెనక్కి పో. నడిచింది మా తాత, మీ తాత కాదు" అన్నాను. పల్లె మొత్తం వింది. ఆమె వెనక్కి పోయింది. అప్పటికే ఆమెకు తెలుసని ఇప్పుడు అర్థమైంది. ఒక్క మాట అంటే నన్ను అక్కడే కూల్చేది. అనలేదు. నేను చెడ్డమాట అన్న రోజున కూడా నా పరువు కాచింది.

నేను లేచాను.

"అవ్వ చెప్పింది నిజం. మా తాత విప్పాడు. మా నాయనమ్మ విప్పలేదు. ఈ పల్లెకు చెప్పులు తొడిగింది సారమ్మ. నేను ఇన్నేళ్లూ చెప్పింది అబద్ధం."

కూర్చున్నాను. ఎవరి మొహమూ చూడలేదు.

"ఇంక నేను అడిగేదేమీ లేదు" అన్నాడు పాస్టరు. "కొమ్మ వద్దు, తాత వద్దు. ఇది ఉంటుంది. గుడి లోపలికి కూడా ఉంటుంది."

ఎలీషా ఊరుకోడు. "మరి ముందు ఎవరు నడవాలిరా ఇప్పుడు?"

"నీ పెళ్లాం. నువ్వు ఆమె వెనక" అన్నాను.

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఎలీషా పెళ్లాం అందరికంటే గట్టిగా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే కాగితం, పెన్సిలు తీసుకుని పున్నమ్మవ్వ ఇంటికి పోయాను. కాగితం నేల మీద పరిచి ఆమె కాలు దాని మీద పెట్టాను. వేళ్లు వంకర తిరిగి ఉన్నాయి. చుట్టూ గీత గీశాను.

"కాళ్లు పట్టుకుంటున్నావే మరియదాసూ."

"కొలతకు."

"తప్పయిందని అడుగుతావేమో అనుకున్నా."

"అడగను. నువ్వే ఇన్నేళ్లు దాచావు."

"చెబితే వినేవాడివా?"

గీత మడమ చుట్టూ తిప్పాను. "వినేవాణ్ని కాదు" అన్నాను.

"కిర్రుమనాలిరా. ఉత్త చెప్పులు కుట్టి నా మొహాన కొట్టకు. ఊరికి వినపడాల."

అడుగు అట్టల మధ్య పలచని తోలుముక్క పెట్టి కుడితే చెప్పు కిర్రుమంటుంది. ఎన్ని పొరలు పెట్టాలో మా నాన్న నేర్పాడు. ఆయనకు మా తాత నేర్పాడు. మా తాతకు ఎవరు నేర్పారో అడిగినవాళ్లు లేరు. రెండు వారాలు కుట్టాను. ఇంతకాలం చెప్పు కుడుతూ రెబెకాకు ఒక్క జత కుట్టలేదు. ఆమె బజారు చెప్పులతోనే నడిచింది. దానికి నాకు క్షమాపణ లేదు. ఎవరన్నా ఇస్తామన్నా నేను తీసుకోను.

క్రిస్మస్ పొద్దున మంచు ఇంకా పత్తి చేల మీద ఉంది. పల్లె మొగదల అందరూ చేరారు. ఏటా చెప్పే మాటలు ఈసారి నేను చెప్పలేదు. పున్నమ్మవ్వే చెప్పింది. సారమ్మ పేరు చెప్పింది, తంగేడు చెక్క చెప్పింది, రాయి చెప్పింది. చెప్పి నడిచింది. ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి ఎలీషా పెళ్లాం భుజం మీద. వాళ్ల వెనక ఆడవాళ్లందరూ. ఆ వెనక పిల్లలు, మగవాళ్లు. అందరికంటే చివర నేను.

నడివీధిలోకి తిరిగాం. అవ్వ చెప్పులు కిర్రుమంటున్నాయి. చివర ఉన్న నాకు వినపడుతున్నాయి. నేను చేసిన పనుల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు.

పెద్దింటి అరుగు మీద వెంకయ్య గారు పేపరు చదువుతున్నాడు. ఆ ఇంటికి ఇప్పుడు పెద్ద ఆయనే. నేను దగ్గరకొచ్చేసరికి పేపరు దించాడు.

"ఏం మరియదాసూ, ఈసారి ఆడాళ్లను ముందు పెట్టారే?"

"మేం పెట్టలేదండి. మొదట నడిచింది వాళ్లే. మాకు ఆలస్యంగా తెలిసింది."

ఆయనకు అర్థం కాలేదు. ఎందుకని అడగలేదు కూడా. అడిగితే చెప్పేవాణ్ని, కేక ఏ అరుగు మీద నుంచి పడిందో దానితో సహా.

అవ్వ నడక నిదానం. పది అడుగులకొకసారి ఆగుతోంది. ఆమె ఆగితే వరస మొత్తం ఆగుతోంది. ఇదివరకు నేను ముందున్నప్పుడు ఆ ఇంటి ముందు చకచకా దాటిపోయేవాళ్లం. ఈసారి అక్కడే చాలాసేపు నిలబడ్డాం. ముందుకు నడవమని ఎవరూ అనలేదు. ఎవరి చెయ్యీ కిందికి పోలేదు. వీధికి రెండు పక్కలా జనం బయటికి వచ్చి చూస్తున్నారు. చూడనిచ్చాం.