కర్ర వచ్చేదాకా

ఎర్రజెండా చంకలో ఇరికించుకుని, పైటచెంగు ముక్కుకు అడ్డంగా కట్టుకుంది చెంచమ్మ. పొద్దుటి నుంచి ఆమె ఆపిన బండ్లకు లెక్కలేదు. సిమెంటు లారీలు, మిరపకాయల టిక్కీ బస్తాలు ఎత్తిన ట్రాక్టర్లు, కూలీల ఆటోలు. సున్నపు దుమ్ముతో కనుబొమలు తెల్లబడ్డాయి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి ముసలమ్మలా కనిపిస్తోంది.

దాచేపల్లి, పిడుగురాళ్ల మధ్య రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అర కిలోమీటరు మేర సగం రోడ్డు నిలువులోతు తవ్వి వదిలేశారు. మిగిలిన సగం మీద ఒకసారికి ఒకవైపు బండ్లే పోవాలి. అవతలి కొసన ఆమె మొగుడు గురవయ్య, ఇవతలి కొసన ఆమె. నడుమ గుట్ట మలుపు. ఒకరికొకరు కనపడరు. ఫోన్లో చెప్పుకుందామంటే హారన్ల మోతలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

అందుకని గురవయ్యే ఉపాయం కనిపెట్టాడు. గజం పొడవు తుమ్మకర్రను నున్నగా చెక్కి, పెళ్ళాం పాతచీర లోంచి ఎర్రపేలిక చించి కట్టాడు. వరుసలో చివరి బండివాడి చేతికి ఆ కర్ర ఇవ్వాలి. అది అవతలి కొసకు చేరితే దారి ఖాళీ అయినట్టు. కర్ర వచ్చేదాకా కలెక్టరు వచ్చినా కదలనివ్వకూడదు. ఎదురెదురు పడితే గోతిలోకే.

ముప్పై ఏళ్ళు మిరపచేలల్లో వంగి కాయలు కోసిన నడుములు ఇద్దరివీ. వంగడం చేతకాక నిలబడే పనికి వచ్చారు. తీరా చూస్తే నిలబడటమే కష్టమని తెలిసింది. గురవయ్య ఆపిన ప్రతి బండికీ చేతులెత్తి దండం పెట్టేవాడు.

"పెళ్ళికూతురి తండ్రివా అందరికీ దండాలెట్టడానికి?" అని ఎగతాళి చేసేది చెంచమ్మ.

"ఆగమంటే ఎవడికైనా కోపమొచ్చుద్దే. దండం పెడితే సగం తగ్గుద్ది," అనేవాడు.

ఆయనకు బీపీ. మధ్యాహ్నం మాత్ర వేసుకోవడం రోజూ మరిచిపోతాడు. అందుకని అన్నం వేళకు చెంచమ్మ పేలిక కొసన మాత్ర పెట్టి ముడివేసి కర్ర పంపేది. ముడి విప్పిన పేలిక తిరిగొస్తే మింగాడన్నమాట. మొగుణ్ణి మాత్ర వేసుకున్నావా అని అడగడానికి ఇంతమంది డ్రైవర్ల సాయం కావలసొచ్చిందని ఆమెకు నవ్వొచ్చేది. సున్నపురాయి లారీ బుడాన్ అయితే బండి ఆపి, కిందికి వంగి మరీ అందించేవాడు. "ఇదిగో అత్తా, మామ పంపాడు." కొందరు కార్లవాళ్ళు మాత్రం అద్దం బెత్తెడు దించి రెండు వేళ్ళతో పట్టుకునేవాళ్ళు.

ఒంటిగంట దాటింది. చెంచమ్మ మాత్ర ముడివేసి వరుసను వదిలింది. ఆఖరున ఉన్న ట్రాక్టరుకు కర్ర అందించబోతుంటే వెనక నుంచి తెల్లకారు ఒకటి అందర్నీ దాటుకుని వచ్చింది. నడిపేవాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా ఆమె మోకాళ్ళ దాకా తెచ్చి ఆపాడు.

"తప్పుకో!"

"ఇంకయిపోయిందయ్యా. మళ్ళీ వరుసలో పోదువుగాని."

"పనీపాటా లేకుండా నిలబడ్డావు, నీకేం! నాకు అర్జెంటు."

కారు ఇంకో జానెడు ముందుకు జరిగింది. ఇంకొక రోజైతే చెంచమ్మ బానెట్ మీద చరిచి నాలుగు దులిపేది. ఆ పూట కాళ్ళు లాగేస్తున్నాయి, నోరు ఎండిపోయింది. పోనీలే, ఒక్క బండి ఎక్కువైతే ఏమైంది అనుకుంది. ట్రాక్టరును పొమ్మని, కర్ర కారులోకి అందించింది.

"అవతల మా ఆయనుంటాడు. కాస్త ఆగి చేతికియ్యి బాబూ."

అతను కర్రను పక్కసీట్లోకి విసిరేశాడు. అద్దం పైకి లేచింది.

మామూలుగా పావుగంటలో కర్ర తిరిగొస్తుంది. అరగంటైనా రాలేదు. అటునుంచి ఒక్క బండీ రాలేదు. వెనక హారన్లు చెవులు తూట్లు పొడుస్తున్నాయి.

"వదలవమ్మా, ఖాళీగానే ఉందిగా!"

"కర్ర రాలా," అంది చెంచమ్మ. జెండా దించలేదు.

అప్పుడు మలుపులోంచి బుడాన్ వచ్చాడు. లారీ లేదు. నడిచి వస్తున్నాడు. కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. ఇన్నాళ్ళలో కర్ర కాలినడకన రావడం ఇదే మొదలు.

"ఆ తెల్లకారోడు ఆగలా అత్తా. కర్ర రోడ్డు మీద పారేసి పోయాడు. మామ తీసుకుందామని వంగాడు. మా వరుసలో ముందున్నోడు ఇంక దారి ఖాళీ అనుకుని, వంగిన మామను చూసుకోకుండా మీదికి బండి ఎగదోలాడు. బండ్లన్నీ అక్కడే ఆగిపోయాయి."

"ఉన్నాడా?"

బుడాన్ తలెత్తలేదు. "నేనే పక్కకు తీసి పడుకోబెట్టా. నీళ్ళు పోస్తే మింగలా."

"నేనేరా వాడి చేతికిచ్చింది," అంది చెంచమ్మ. "ఒక్క మాట గట్టిగా అనుంటే సరిపోయేది. ఓపిక లేకపోయింది."

ఆమె చేతిలోంచి జెండా తీసుకున్నాడు బుడాన్. "నువ్వు పో అత్తా. ఇక్కడ నేను నిలబడతా."

హారన్లు ఆగిపోయాయి. ఒకదాని వెనక ఒకటి ఇంజన్లు కూడా ఆపేశారు. చెంచమ్మ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఆగి ఉన్న బండ్లకేసి, గురవయ్య పెట్టినట్టే, చేతులెత్తి దండం పెట్టింది. తర్వాత మలుపు వైపు నడిచింది.

బుడాన్ కర్రను రోడ్డు పక్కనున్న నీళ్ళడ్రమ్ముకు ఆనించాడు. ఎర్రపేలికకు దుమ్మంటింది. కొసన ఆమె వేసిన ముడి, లోపల మాత్రతో, అలాగే ఉంది.